మైదుకూరులో తడిపిన ఫిలిం

రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయాక కర్నూలుకు మిగిలినవి రెండే: తుంగభద్ర, ఖాళీ గదులు. తుంగభద్ర ఎండాకాలంలో మాట తప్పుతుంది. గదులు అలా కాదు, పన్నెండు నెలలూ ఖాళీగానే ఉండేవి. ఊళ్లో పెద్దలు అరుగుల మీద చేరి పోయిన వైభవాన్ని తలుచుకుని నిట్టూరుస్తుంటే, మా కాలేజీ ఫిజిక్సు సారు మాత్రం ఆఫీసులు వదిలిపెట్టిన గదుల వెంట తిరిగి, గోడలు తట్టి చూసి, ఒక పాత రికార్డు గదిని పట్టారు. మూరెడు మందం రాతి గోడలు, కింద బేతంచెర్ల బండలు, ఒకే కిటికీ. మద్రాసు నుంచి అరువు తెచ్చిన ఎక్స్‌రే మిషనును అందులో పెట్టించారు. రాజధాని పోయినందుకు సంతోషించిన ఒకే ఒక్క కర్నూలు మనిషి ఆయనే అయి ఉంటారు. ఆ మాట బయటికి అనేంత ధైర్యం మాత్రం చేయలేదు.

నేను అప్పుడే డిగ్రీ ముగించి అక్కడే డెమాన్‌స్ట్రేటరుగా చేరాను. నా అసలు పని లెక్కలు. చేత్తో తిప్పే లెక్కల మిషను ఒకటి ఉండేది. పిడి ముందుకు తిప్పితే గుణకారం, వెనక్కి తిప్పితే భాగహారం. మా అవ్వకు నా ఉద్యోగం వివరించి చెబితే, "ఇసుర్రాయి తిప్పేదానికి ఇంత సదువు యాలరా" అంది. నేను తిప్పుతూనే పోయాను. ఇప్పటికీ తిప్పుతున్నాను.

మేము పరీక్షిస్తున్నది బలపం రాయి. బేతంచెర్ల చుట్టుపక్కల గనుల్లో దొరికే మెత్తటి తెల్లరాయి. చిన్నప్పుడు పలక మీద రాసిందీ, ఎవరూ చూడనప్పుడు కొరికి తిన్నదీ అదే. దాన్ని పొడి చేసి, సన్నటి గాజు గొట్టంలో కూరి, చుట్టూ ఫిలిం చుట్టి ఎక్స్‌రేలు వదిలితే ఫిలిం మీద విల్లులా వంగిన గీతలు పడతాయి. గీతల మధ్య దూరం కొలిస్తే రాయిలో పరమాణువులు ఎంతెంత ఎడంగా కూర్చున్నాయో లెక్క కట్టవచ్చు. ఒకటే చిక్కు. ఆ రాయిలో హైడ్రోజన్ కూడా ఉంది, అది ఎక్స్‌రేకు కనపడదు. ఎక్స్‌రే పెళ్లికొచ్చిన ఘనమైన చుట్టం లాంటిది. పెద్దవాళ్లనే పలకరిస్తుంది, పిల్లల వైపు చూడదు. పిల్లల్ని కూడా పలకరించే చుట్టం న్యూట్రాన్. బొంబాయి దగ్గర రియాక్టరు వచ్చిందనీ, దాని నుంచి న్యూట్రాన్లను రాళ్ల మీదికి వదిలి అవి ఎటెటు చెదురుతాయో కొలవబోతున్నారనీ తెలిసిన రోజు నుంచి సారు కాళ్లు నేల మీద నిలవలేదు.

బొంబాయి వాళ్లు కాలేజీలన్నిటికీ ఒకే కబురు పంపారు. మిషను ఒకటే, రాళ్లు బోలెడు. కాబట్టి మిషను సిద్ధమయ్యేలోపలే ఒక ఏర్పాటు కావాలి. ఎవరు కొలిచినా అంకెలు ఒకే తీరున రాయాలి, లెక్క ఒకే వరసలో కట్టాలి, ఒకరి అంకెలను ఇంకొకరు తీసుకుని వాడుకోగలగాలి. ఒకే రాయిని రెండు ఊళ్లలో కొలిచి, ఒకే జవాబు తెచ్చి, ఎలా తెచ్చారో చూపించగలిగిన వాళ్లను ఆ ఏర్పాటులో కలుపుకుంటారు.

సరిగ్గా అప్పుడే ప్రిన్సిపాలుగారి కన్ను మా గది మీద పడింది. హాస్టలు బియ్యం వరండాలో ఎలుకల పాలవుతున్నాయి, రాతి గోడల గది అయితే బస్తాలకు భద్రం. ఆయన చెడ్డవారేమీ కాదు. పిల్లలకు అన్నం ముఖ్యమా, ఫిలిం మీద గీతలు ముఖ్యమా అని అడిగితే నేనైనా అన్నమే అనేవాణ్ణి, అదే హాస్టల్లో తినేవాణ్ణి కాబట్టి. బొంబాయి వాళ్లు ఒప్పుకుంటే గది మీది, లేకుంటే ఎండాకాలం సెలవుల్లో బియ్యానిది అని తేల్చేశారు. గది పోతే మిషను మద్రాసుకు తిరిగిపోతుంది. సారుకు చుట్ట లేదు, పేకాట లేదు, ఆ గది ఒక్కటే ఉంది.

రెండో ఊరు కడప. అక్కడి కాలేజీలో ఒక లెక్చరరమ్మ దగ్గర మాలాంటి మిషనే ఉండేది. ఆమె తండ్రి పల్లెలో చర్చి పాస్టరు. ఆమె మామూలు అంకె చెప్పినా ఆదివారం వాక్యం చదివినట్టుండేది, ఎదురు చెప్పబుద్ధి అయ్యేది కాదు. సారుకు మాత్రం అయ్యేది. ఒకే బలపం రాయిని సగం చేసి ఆమెకు పంపాము. ఆమె కొలిచిన దూరాలు మావాటికంటే ప్రతి గీతకూ రవ్వంత ఎక్కువ వచ్చాయి. మళ్లీ కొలిచినా అంతే. కడప స్కేలు అరిగిపోయి ఉంటుందని సారు రాశారు. కర్నూలువారు కళ్లద్దాలు మార్చి ఎంత కాలమైందో అని ఆమె రాశారు. ఆయన ఉత్తరం "గౌరవనీయులైన సోదరికి" అని మొదలై ఎక్కడెక్కడికో పోయేది. మా సీమలో రెండు పార్టీలు ఇంత మర్యాదగా కొట్లాడుకోవడం నేనెక్కడా చూడలేదు.

చివరికి ఎవరి ఫిలింలు వాళ్లు తెచ్చి, సగం దారిలో మైదుకూరులో కూర్చుందామని ఆమే అన్నారు. మైదుకూరు కడప నుంచి పొద్దున బయలుదేరితే టిఫిను వేళకు వస్తుంది. కర్నూలు నుంచి అయితే నంద్యాల దాటి, ఆళ్లగడ్డ దాటి, ఒళ్లు హూనమయ్యాక వస్తుంది. సగం దారి ఎక్కడన్న దగ్గరే మా కొలతలు కలవలేదన్నమాట.

బస్సులో సారు ఫిలింను బిస్కెట్టు డబ్బాలో పెట్టి, తువ్వాలు చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నారు. డబ్బాలో ఏముందని కండక్టరు అడిగితే "బలపం" అన్నారు. కండక్టరు మా మొహాలు చూసి, బడిపంతుళ్లని తేల్చుకుని, వెనక సీటు చూపించాడు.

బస్టాండు పక్కనే ఒక సాయిబు హోటలు. బల్లల మీద కూడా బేతంచెర్ల బండలే, నున్నగా, చల్లగా. లెక్చరరమ్మ గొడుగుతో, గాజు పలకతో మాకంటే ముందే వచ్చి కూర్చున్నారు. సాయిబు ఆమె బల్లను ప్రత్యేకంగా తుడిచాడు. మేమూ అదే బల్ల దగ్గర కూర్చోవడం వల్ల ఆ మర్యాద మాకూ దక్కింది.

ముందు ఆమె స్కేలు పెట్టి మా ఫిలిం కొలిచాము. మా అంకే వచ్చింది. స్కేలు అరగలేదు. సారు కొంచెం నీరసపడ్డారు. తర్వాత ఆమె తన ఫిలింను, తన స్కేలుతో, తన చేతులతోనే కొలిచారు. కొలిచి, మళ్లీ కొలిచారు. వచ్చింది మా అంకె. కడపలో ఆమె రాసుకున్న అంకె కాదు.

"ఇది నేను కొలిచిన ఫిలిమే సార్," అన్నారు నెమ్మదిగా. "తగ్గిపోయినాది."

సారు కుర్చీలో వెనక్కి వాలారు. నేను మొదటి నుంచీ చెబుతున్నానా లేదా అన్నట్టు నావైపు చూసి, అందరికీ బొరుగుల ఉగ్గాని, బజ్జీ తెమ్మని సాయిబుకు చెప్పారు. గెలిచినవాడు తినిపించాలని మావైపు ఆచారం. బజ్జీలు వచ్చేసరికి ఆ గెలుపు చల్లారిపోయింది, ఎందుకంటే ఆమె ఈలోగా ఒక ప్రశ్న అడిగారు, మీరు ఫిలింను కడిగినాక ఎప్పుడు కొలుస్తారని.

ఎప్పుడేమిటి, ఆరినాకే గదా అన్నారు సారు. మా గదిలో ఈ గోడకూ ఆ గోడకూ దారం కట్టి, వడియాల్లాగా వేలాడదీసి, కర్నూలు ఎండ లోపలికి రాకపోయినా దాని వేడి వస్తుంది కాబట్టి గలగలలాడేదాకా ఆరనిచ్చేవాళ్లం. కడపలో అట్లా కుదరదు. అక్కడ గాలికి దుమ్ము లేచి తడి ఫిలింకు అతుక్కుపోతుంది. వేడికి ఫిలిం మీది పూత కరిగిపోతుందని ఆమె సోడా షాపు నుంచి రంపపు పొట్టులో చుట్టిన ఐసు తెప్పించి, ఆ నీళ్లలో కడిగి, తీసిన వెంటనే గాజు పలక మీద పరిచి తడి మీదనే కొలిచేవారు.

"తడి మీదనా? ఎవురన్నా తడి మీద కొలుస్తారామ్మా?"

"ఎవురన్నా ఎండబెట్టి కొలుస్తారా సార్?"

ఇద్దరికీ నిజంగానే ఆశ్చర్యం. లోకమంతా తమలాగే చేస్తుందనుకున్నారు కాబట్టి ఇద్దరూ ఆ సంగతి ఒక్కసారి కూడా రాయలేదు. అన్ని మర్యాదలు, అన్ని వెటకారాలు రాశారు, ఇది తప్ప.

నేను వాతావరణం తేలికపరుద్దామని, "అయితే మన వడియానికీ ఒకసారి తానం చేపిస్తే పోలా సార్" అన్నాను. ఎవరూ నవ్వలేదు. లెక్చరరమ్మ బల్ల మీది నీళ్ల లోటా వైపు చూశారు. సారు నావైపు చూశారు. ఆ చూపులో నా ఉద్యోగం ఒక క్షణం కనపడి మాయమైంది.

ఎందుకంటే మా దగ్గర ఉన్న మంచి ఫిలిం అదొక్కటే. దాని తర్వాత మా ఎక్స్‌రే గొట్టం నీరసపడింది, సెలవుల్లోపల ఇంకోటి తీయలేము. మైదుకూరు నీళ్లకు పూత లేచిపోతే కర్నూలు కొలతకు సాక్ష్యమే ఉండదు. సాక్ష్యం లేకపోతే బొంబాయి లేదు, బొంబాయి లేకపోతే గది లేదు.

లెక్చరరమ్మకు అది అర్థమైంది. "వద్దులే సార్. నా మాట నమ్మితే సాలు."

"నమ్మకం మీ నాయనగారికి సాలమ్మా," అన్నారు సారు. "బొంబాయోళ్లకు సాలదు."

అని, వెడల్పు పళ్లెంలో కుండనీళ్లు తెమ్మని సాయిబును అడిగారు. డబ్బా తెరిచి, ఫిలిం రెండు కొసలూ పట్టుకుని, పసిబిడ్డకు మొదటి నీళ్లు పోసే ముసలామెలాగా తనే నీళ్లలోకి దించారు. సాయిబు భుజం మీది గుడ్డ సర్దుకుని వంగి చూశాడు.

"ఫొటో కడుగుతాండారా సార్? ఎవురిది?"

"బలపానిది," అన్నాను.

"బలపానికి ఫొటో ఎందుకప్పా, అది అందురికీ తెలిసిందే గదా," అని వెళ్లిపోయాడు. మా పరిశోధన మీద ఇంత సూటి విమర్శ మళ్లీ ఎవరూ చేయలేదు.

బజ్జీలు చల్లారాయి. సారు తినలేదు. నేను తిన్నాను, ఇద్దరూ బాధపడితే లాభమేముంది. ఫిలిం తీసి గాజు పలక మీద పరిచారు. ఒక మూల పూత కొంచెం బొబ్బలెక్కింది, గీతలు మాత్రం నిలిచాయి. ఆమె స్కేలు పెట్టారు. కడప అంకె. తడిసి ఉబ్బిన ఫిలిం సాగింది, అంతే.

"ఇద్దరం కరెక్టే సార్" అని ఆమె అన్నప్పుడు సారు ముఖం చూడాలి. కరెక్టుగా ఉండడం మనిషిని ఇంత దిగాలు పరుస్తుందని నాకు అప్పుడే తెలిసింది.

దిగులు ఎక్కువసేపు నిలవలేదు, పని మొదలైంది. పళ్లెం పక్కకు జరిపి, ఆ బండ మీదనే ఇద్దరూ తలలు దగ్గర పెట్టి ఒక నమూనా కాగితం గీశారు. ఏ గని రాయి, ఫిలిం చుట్టే కెమెరా డబ్బా వెడల్పు ఎంత, ఫిలిం తడా పొడా, గదిలో వేడి ఎంత. కూర బాగుందంటే సరిపోదు, ఉప్పు దించకముందు వేశారో దించాక వేశారో కూడా కూరతోపాటే చెప్పాలన్నది ఆమె వాదన. తడి కొలతను పొడి కొలతగా సవరించేది ఏ మెట్టులో, ఆ తర్వాత ఏ మెట్టు, ఎన్ని స్థానాల లాగరిథం పట్టిక. సారు ఐదు స్థానాలు చాలన్నారు, ఆమె ఏడు కావాలన్నారు. ఏడు స్థానాలకు పిడి తిప్పేది నేను కాబట్టి నేను సారు పక్షం. ఓడిపోయాము. ఈలోగా కర్నూలు బస్సు వెళ్లిపోయింది, మళ్లీ బస్సు వచ్చేలోగా లెక్క మెట్లన్నీ తయారయ్యాయి. తర్వాత ఆమె అంకెలు నేను, నా అంకెలు ఆమె విద్యార్థులు ఆ మెట్ల ప్రకారం లెక్క కట్టాము. ఎటు కట్టినా ఒకటే జవాబు. అందరం అది చూసి మురిసిపోయాము. నా చెయ్యి మాత్రం వాచింది.

బొంబాయి నుంచి జవాబు వచ్చింది. కర్నూలు, కడప రెండిటినీ ఏర్పాటులో కలుపుకున్నారు. బలపం రాయిని మాత్రం మర్యాదగా వద్దన్నారు. హైడ్రోజన్ ఉన్న పొడి మీద న్యూట్రాన్లు అన్ని వైపులా చెదిరి గీతల బదులు మబ్బు కమ్ముతుందట. పిల్లల్ని పలకరించే చుట్టం కూడా పిల్లలు మీదపడితే తట్టుకోలేడన్నమాట. కానీ మీ నమూనా కాగితం, లెక్క మెట్లు పంపండి, అవి అన్ని కాలేజీలకూ ఇస్తాము, మిగతా ఊళ్ల ఫిలింలు కొన్ని మీరే లెక్క కట్టిపెట్టండి అన్నారు.

ఇది ఒప్పుకున్నట్టా, కాదన్నట్టా? సారు ఒప్పుకున్నట్టే అన్నారు. ప్రిన్సిపాలుగారు సగం ఒప్పుకున్నట్టు అన్నారు, సగం గది ఇచ్చారు. మిగతా సగంలో బియ్యం బస్తాలు పేర్చారు. ఎక్స్‌రే తగిలిన బియ్యం తింటే ఏమవుతుందోనని హాస్టల్లో కొన్నాళ్లు భయపడ్డారు. ఏమీ కాలేదు. అన్నం ముందులాగే ఉండేది, అదే అందరి బాధ.

నేనిప్పుడు బొంబాయిలో, ఆ న్యూట్రాన్ మిషను దగ్గరే పిడి తిప్పుతున్నాను. ఇక్కడ ఫిలిం లేదు, న్యూట్రాన్లను లెక్కపెట్టే గొట్టం ఉంది. అయినా మేము నింపే కాగితంలో ఇప్పటికీ ఆ గడి అలాగే ఉంది: తడా, పొడా. మైదుకూరు కాగితాన్ని ఉన్నదున్నట్టు అచ్చు వేశారు, తీసేయమని ఎవరూ అనలేదు. మొన్న కలకత్తా నుంచి వచ్చిన కుర్రాడు ఈ గడి ఎందుకని అడిగితే, మైదుకూరులో నీళ్లు మంచివి అని చెప్పాను. అతను రాసుకున్నాడు.

ఇక్కడి వానల్లో గోడలు తడి, చొక్కాలు తడి, అగ్గిపెట్టెలు తడి. నేను ఆ గడిలో రోజూ "పొడి" అని రాస్తాను. రాసిన ప్రతిసారీ గోడకూ గోడకూ కట్టిన దారం, దాని మీద గలగలలాడే ఫిలింలు, ఫిలిం కడిగే మందు వాసనలో కలిసిన కొత్త బియ్యం వాసన గుర్తొస్తాయి. సారు ఉత్తరం రాసినప్పుడల్లా న్యూట్రాన్ల సంగతి తర్వాత అడుగుతారు, ముందు ఆ గడి ఉందా అని అడుగుతారు. ఉందని రాస్తాను. ఆ మాట ఆయన కడపకు రాస్తారు.