లేని కుక్క రంగు

స్టేషన్‌లో ఆమెను వెనకాల ‘మనసు మేడమ్’ అనేవాళ్ళు. ఎదురుగా ఉత్త ‘మేడమ్’. ఇన్‌స్పెక్టర్ మాత్రం ‘చెల్లెమ్మా’ అనేవాడు. ఈ మూడింటిలో ఆమెకు కాస్త నిజాయితీగా తోచింది వెనకాల అనేదే.

ఆమెకు ఇచ్చిన గది ఒకప్పుడు పట్టుబడ్డ సైకిళ్ళు పెట్టే కొట్టు. గోడల మీద హ్యాండిళ్ళు గీసిన గీతలు అలాగే ఉన్నాయి. తలుపు మీద ‘ఫోరెన్సిక్ సైకాలజిస్ట్’ అని రాయమంటే పెయింటరుకు చోటు చాలక మొదటి మాట దగ్గరే ఆపేశాడు. దాంతో రక్తం మరకల గుడ్డలూ సీల్ వేసిన సీసాలూ పట్టుకుని కానిస్టేబుళ్ళు ఆమె తలుపే తట్టేవాళ్ళు. ల్యాబు పక్క వీధిలో ఉందని చెప్పి పంపించడమే ఆ ఉద్యోగంలో ఆమె ఎక్కువసార్లు చేసిన పని.

అసలు పని వేరు. పట్టుకొచ్చిన మనిషి విచారణకు తట్టుకునే స్థితిలో ఉన్నాడా, సాక్షి చెప్పేది తనకు గుర్తున్నదా ఎవరైనా గుర్తు చేయించినదా, ఒప్పుకోలు మనిషి నోట్లోంచి వచ్చిందా లేక ఎవరో ఆ నోట్లో పెట్టారా, ఇవన్నీ చూసి రాసివ్వాలి. ఆ సంగతి ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఎవరైనా ఆడమనిషి స్టేషన్‌కొచ్చి ఏడుస్తుంటే మాత్రం, మేడమ్ కాస్త ఊరుకోబెట్టండి అంటూ ఆమె గదిలోకి తోసేవాళ్ళు.

ఈ చదువు ఆమెకు అంటుకున్నది భోజనాల బల్ల దగ్గర. తండ్రి హెడ్ కానిస్టేబుల్. అన్నం కలుపుతూ రోజూ ఒకే మాట చెప్పేవాడు: తన ముందు కూచుని ఒప్పుకోనివాడు ఇంకా పుట్టలేదని. స్కూలుకెళ్ళే వయసులో ఒకసారి ఆమె అడిగింది, ఒప్పుకున్నవాళ్ళందరూ చేసినవాళ్ళేనా నాన్నా అని.

"చెయ్యనివాడు ఎందుకు ఒప్పుకుంటాడే, పిచ్చిదానా?" అన్నాడు తండ్రి.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ ఆమె కాలేజీ దాటి, పెద్ద కాలేజీ దాటి, ఇంట్లో ఎవరికీ నోరు తిరగని డిగ్రీ దాకా వెళ్ళింది. క్లాసులో పక్కన కూచున్నవాళ్ళను చూస్తే ఆమెకు ఒళ్ళు మండేది. వాళ్ళంతా హంతకుడి మెదడులో ఏముంటుందో చూద్దామని, సినిమాకొచ్చినట్టు వచ్చినవాళ్ళు. జ్ఞాపకం ఎలా చెడుతుందో, భయపడ్డ మనిషి ఎలా తల ఊపుతాడో పాఠం మొదలయ్యేసరికి ఆవలింతలు తీసేవాళ్ళు. వాళ్ళ ఆవలింతల మధ్య ఆమె ఒక్కతే శ్రద్ధగా విన్నది. ఒప్పుకోలు అన్నిసార్లూ నేరం నుంచే పుట్టదనీ, చాలాసార్లు అలసట నుంచీ, మర్యాద నుంచీ, ఎదుటివాడు ఎప్పుడు వదిలిపెడతాడా అన్న ఆశ నుంచీ పుడుతుందనీ అక్కడ తెలుసుకుంది. ఇంటికొచ్చి తండ్రికి చెబితే ఆయన నవ్వి, మజ్జిగ పొయ్యమన్నాడు.

తండ్రి దగ్గర పని నేర్చుకున్నవాడే ఈ ఇన్‌స్పెక్టర్. అందుకే చెల్లెమ్మా అన్న పిలుపు. కొత్తగా చేరినవాళ్ళకు శిక్షణ పేరుతో ఆయన చెప్పే పాఠం ఒకటుంది. అబద్ధం చెప్పేవాడు ముక్కు గోక్కుంటాడట. ఎడమపక్కకు చూస్తాడట. గుటకలు మింగుతాడట. ఆమె వెనక వరసలో కూచుని వినేది. ఆ గదిలో ఫ్యాను పనిచేయదు. అందరికీ చెమటలు పట్టేవి, అందరూ గుటకలు మింగేవాళ్ళు, సగం మంది ముక్కు గోక్కునేవాళ్ళు. ఆయన లెక్క ప్రకారం ఆ గదిలో ఉన్నవాళ్ళందరినీ లోపల వెయ్యాలి. ఒకసారి లేచి ఆ మాటే అనేసింది. అందరూ నవ్వారు. ఇన్‌స్పెక్టర్ అందరికంటే గట్టిగా నవ్వాడు. మర్నాడు ఆమె గదిలోకి పాత సైకిళ్ళు రెండు తిరిగొచ్చాయి.

అలాంటి రోజుల్లో ఫర్నిచర్ వర్క్‌షాపు తగలబడింది.

ఆదివారం మధ్యాహ్నం, లోపల ఎవరూ లేనప్పుడు, వెనకవైపు పాలిష్ షెడ్డు అంటుకుంది. సోమవారానికల్లా ఇన్‌స్పెక్టర్ నేరస్తుణ్ణి తేల్చేశాడు. షెడ్డులో పాలిష్ వేసే నడివయసు మనిషి. ముందు వారమే యజమాని అతన్ని నలుగురిలో తిట్టాడు. అదే కారణం. వెనక కిటికీ అద్దం పగిలి ఉంది. అదే దారి. ఇక కావలసింది అతని నోటి మాట ఒక్కటే. సాయంత్రానికి అదీ వచ్చేసింది: రాయితో కిటికీ అద్దం పగలగొట్టాను, లోపలికి దూరాను, టర్పెంటైన్ పోసి అగ్గిపుల్ల గీశాను.

ఇన్‌స్పెక్టర్ ఆ కాగితాలు తెచ్చి ఆమె బల్ల మీద పెట్టాడు. ఈమధ్య కోర్టువాళ్ళు మనసు పరీక్ష కూడా అడుగుతున్నారనీ, మనిషి స్థిమితంగా ఉన్నాడు, ఇష్టపడి చెప్పాడు అని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టమనీ అడిగాడు. ఆమె కాంట్రాక్టు పొడిగింపు తన సిఫార్సు మీదే ఆధారపడి ఉందని కూడా గుర్తు చేశాడు, చాలా ప్రేమగా, అన్నగారిలా.

పరీక్ష చేయకుండా సంతకం పెట్టనంది. పాలిష్ మేస్త్రిని గదిలోకి పంపారు.

సన్నటి మనిషి. గోళ్ళ సందుల్లో రంగు. కుర్చీలో పూర్తిగా కూచోకుండా అంచున ఆనుకున్నాడు. ఆమె అతనికి ఒక చిన్న కథ చెప్పింది. ఒక ముసలావిడ గొడుగు తీసుకుని కొట్టుకు వెళ్ళింది, దారిలో వాన పడింది, సంచి జారిపోతే ఎవరో తీసి ఇచ్చారు, అంతే. తర్వాత ప్రశ్నలు.

"ఆవిడ వెంట వచ్చిన కుక్క ఏ రంగు?"

అతను కాస్త ఆలోచించాడు. "నల్లదనుకుంటానండి."

"సరిగ్గా చెప్పడం లేదు నువ్వు. మళ్ళీ ఆలోచించి చెప్పు."

"తెల్లదేనండి," అన్నాడతను వెంటనే, తప్పు దిద్దుకుంటున్నట్టు.

కథలో కుక్కే లేదు. ఇలా ఎన్ని అడిగితే అన్నిటికీ అతను గంగిరెద్దులా తల ఊపాడు. ముసలావిడ కొడుకుతో గొడవపడిందా? అవునండి. సంచి దొంగిలించారా? అలాగే ఉందండి. తన పరీక్ష ఇంత చక్కగా పని చెయ్యడం చూసి ఆమెకు ముందు సంతోషం వేసింది, ఆ వెంటే చిరాకు. ఇలాంటి మనుషులుండబట్టే కదా అలాంటి ఇన్‌స్పెక్టర్లు బతుకుతున్నారు అనుకుంది. వెన్నెముక లేని మనిషి. తడి మట్టి. ఎవరి వేలు పడితే ఆ గుంట.

అసలు తగలబెట్టావా అని సూటిగా అడిగింది. లేదండి అన్నాడు. మరెందుకు ఒప్పుకున్నావంది.

"ఇన్‌స్పెక్టరు గారు బాగా అలిసిపోయారండి. పొద్దుట్నుంచి భోంచెయ్యలేదట. నేను చెప్పేస్తే గానీ వెళ్ళనన్నారు."

"మరి కిటికీ దేంతో పగలగొట్టావు?"

"వాళ్ళు చూపించిన రాయితోనండి."

ఆ కిటికీ ఆమె మనసులో ముల్లులా నిలిచిపోయింది. మర్నాడు ఫైర్ స్టేషన్‌కు వెళ్ళింది. అక్కడ లారీ కడుగుతున్న మనిషి ఆమె ప్రశ్న విని పకపకా నవ్వాడు. ఆ అద్దం పగలగొట్టింది తామేనట. ముందు తలుపు దగ్గర పొగ నిలవనివ్వకపోతే, పైపు లోపలికి పెట్టడానికి వెనక్కి వెళ్ళి గొడ్డలితో కొట్టారట. నిప్పు ఎవరూ పెట్టి ఉండరనీ, నూనె పాలిష్ తుడిచిన గుడ్డలు కుప్పగా వదిలేస్తే వేడెక్కి వాటంతటవే రాజుకుంటాయనీ, ఆ మూల గుడ్డల కుప్ప మసి ఇంకా అలాగే ఉందనీ చెప్పాడు. పోలీసులకు చెప్పలేదా అంటే, వాళ్ళు అడిగితే గదా అన్నాడు.

అంటే మేస్త్రి ఒప్పుకున్నది ఇన్‌స్పెక్టర్ చేసిన పొరపాటును. రాయితో కిటికీ పగలగొట్టిన సంగతి ఇన్‌స్పెక్టర్ బుర్రలో తప్ప ఇంకెక్కడా లేదు. అక్కణ్ణుంచి అది మేస్త్రి నోట్లోకి వెళ్ళి, అక్కణ్ణుంచి కాగితం మీదకు వచ్చి, సంతకంతో సహా మళ్ళీ ఇన్‌స్పెక్టర్ చేతికే చేరింది. ఆయన దాన్ని చూసి, నేను చెప్పలేదూ అని మురిసిపోయాడు.

ఈ మాట చెప్పినప్పుడు ఇన్‌స్పెక్టర్ మొహం చూడాలని ఆమెకు చాలా కోరికగా ఉండింది. ఆ కోరిక తీరలేదు. ఆయన కంగారు పడలేదు, టీ గ్లాసు కింద పెట్టలేదు.

"అయితే ఏముంది చెల్లెమ్మా, ముందు వీడు పగలగొట్టాడు, తర్వాత వాళ్ళు పగలగొట్టారు."

"పగిలిన అద్దాన్ని మళ్ళీ పగలగొట్టారా?"

"అద్దమన్నాక చాలా ముక్కలుంటాయి."

ఆమె పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళింది. ఆయన చదువుకున్నవాడు, ఇంగ్లీషు పేపరు మడత నలగకుండా చదివేవాడు. మొత్తం విని, కుక్క సంగతి దగ్గర మనసారా నవ్వాడు. తర్వాత దారి చూపించాడు. కిటికీ మాట ఎత్తితే డిపార్టుమెంటు పరువు పోతుంది. దాని బదులు మేస్త్రికి బుద్ధిమాంద్యం అని ఆమె రాసిస్తే చాలు. తెలివిలేని మనిషి మాట చెల్లదు, కేసు కొట్టేస్తారు, అతను ఇంటికి పోతాడు, ఇన్‌స్పెక్టరుకు మాట రాదు, ఆమె ఉద్యోగానికీ ఢోకా లేదు. అందరికీ మంచిదే కదమ్మా అన్నాడు.

ఆమెకు అది నీచంగా అనిపించింది. అయినా గదికొచ్చి కూచుంటే, అంత అబద్ధంగా మాత్రం అనిపించలేదు. కుక్క లేని కథలో కుక్కకు రెండు రంగులు చెప్పినవాణ్ణి ఇంకేమంటారు? మంచి మాటల్లో ఎలా రాయాలో కూడా ఆలోచించడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం మేస్త్రి భార్య వచ్చింది. ఎవరో మహానుభావుడు ఆవిడకు సంగతి చేరవేశాడు, సంతోషిస్తుందని. కానిస్టేబుళ్ళు అలవాటు ప్రకారం, ఏడుస్తుందేమోనని ఆమె గదిలోకి పంపారు. ఆవిడ ఏడవలేదు. సైకిలు పక్కకు జరిపి నిలబడింది.

"మా ఆయనకి బుర్ర లేదని రాస్తారటగా?"

అలా రాస్తే ఇంటికి వచ్చేస్తాడని ఆమె నచ్చజెప్పబోయింది.

"వచ్చి ఏం చెయ్యాలి? వెర్రివాడికి ఎవరిస్తారమ్మా పాలిష్ స్పిరిట్ డబ్బా చేతికి? రేపు మా పిల్లని వెర్రివాడి కూతురంటారు. ఆయనకు బుర్ర లేకపోవడం కాదు. ఎదుటివాడు కష్టపడుతుంటే చూడలేడు. అత్తగారు మంచాన పడ్డన్నాళ్ళూ ఆవిడ ఏమంటే అదే అన్నాడు, ఆవిడ చనిపోయిన తన తమ్ముణ్ణి పిలవమంటే ఇదిగో వస్తున్నాడన్నాడు. దానికి మీ చదువులో పేరేంటో నాకు తెలీదు. వెర్రి మాత్రం కాదు."

ఆవిడ వెళ్ళిపోయాక ఆమె చాలాసేపు గోడ మీది గీతలు చూస్తూ కూచుంది. ఇన్‌స్పెక్టర్ అతన్ని నేరస్తుడిగా చూశాడు, పెద్దాఫీసరు మందమతిగా చూశాడు. తానో? తడి మట్టి అనుకుంది. ముగ్గురిలో ఏ ఒక్కరూ ఆ మనిషికి ఇంకో మనిషి మీద జాలి కలిగి ఉంటుందని అనుకోలేదు. అదీ, ఇన్‌స్పెక్టర్ మీద. ఆమెకు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత మీదే రిపోర్టు రాసింది. మనిషి తెలివి మామూలే. గట్టిగా అడిగితే అడిగినవాళ్ళ మాటకు లొంగే స్వభావం. ఒప్పుకోలు నమ్మదగింది కాదు. ఎందుకంటే అతను పగలగొట్టానన్న కిటికీని ఫైర్ సిబ్బంది పగలగొట్టారు.

ఇంట్లో తండ్రికి చెప్పింది, ఉద్యోగం పోవచ్చని. కిటికీ సంగతి కూడా చెప్పింది. ఆయన ముద్ద నోటి దాకా తీసుకెళ్ళి ఆపాడు. మజ్జిగ అడగలేదు. తన ముందు ఒప్పుకోనివాడు పుట్టలేదన్న మాట ఆ ఇంట్లో ఆ తర్వాత మళ్ళీ వినపడలేదు. ఆయన ఏ కిటికీలు లెక్కపెట్టుకుంటున్నాడో ఆమె అడగలేదు.

కోర్టులో జడ్జి ఆ రిపోర్టును రెండుసార్లు చదివి, ఫైర్ స్టేషన్ మనిషిని పిలిపించి, కేసు కొట్టేశాడు. ఇన్‌స్పెక్టరుకు ఏమీ కాలేదు. ఇప్పటికీ ఆయన ముక్కు గోక్కునే పాఠం చెబుతూనే ఉన్నాడు. ఫ్యాను బాగు చేయించారట, అదొక్కటే మార్పు. ఆమె కాంట్రాక్టు పొడిగించలేదు. ఆఖరి రోజు ఆయన గుమ్మం దాకా వచ్చి, చెల్లెమ్మా, మనసులో పెట్టుకోకు అన్నాడు. పెట్టుకోవడానికి అందులో ఏముందన్నయ్యా అని ఆమె మొదటిసారి వరస కలిపింది.

ఇప్పుడామె ఒక కాలేజీలో అదే చదువు చెబుతోంది. ఏటా కొత్తగా చేరినవాళ్ళకు ముసలావిడ కథ చెప్పి, కుక్క ఏ రంగని అడుగుతుంది. నలుపని సగం మంది, గోధుమ రంగని కొందరు. హంతకుల మెదళ్ళు చూడ్డానికొచ్చిన వీరులంతా లేని కుక్కను చూసి కూచుంటారు. ఆమె పెదవి విరుస్తుంది. ఆ విరుపు కాలేజీలో పేరుపడింది.

ఒక ఏడాది ఆమెకో ఆలోచన వచ్చింది. ఆ మేస్త్రినే క్లాసుకు తీసుకొచ్చి నిలబెడితే? పుస్తకం కంటే అతన్ని చూస్తే పిల్లలకు బాగా ఎక్కుతుంది. పాత వర్క్‌షాపుకు వెళ్ళింది. కొత్త షెడ్డు కట్టారు, మూల గుడ్డలకు మూత ఉన్న ఇనప డబ్బా పెట్టారు. అతను కుర్చీ కాలు రుద్దుతున్నాడు. ఆమెను చూసి గబగబా లేచి, చెయ్యి తుడుచుకుని, కూచోవడానికి స్టూలు వేశాడు. ఆమె విషయం చెప్పింది. ఒక్క గంట, ఏమీ చెయ్యక్కర్లేదు, జరిగింది జరిగినట్టు చెబితే చాలు, వస్తావు కదూ అంది. అలా అడగకూడదని పిల్లలకు చెప్పేది తనే. అయినా అలాగే అడిగింది.

అతను కుర్చీ కాలు వైపు చూశాడు. గరుకు కాగితం మడిచి మళ్ళీ రుద్దడం మొదలుపెట్టాడు. ఆమె ఎండలో అంత దూరం వచ్చిందని అతనికి తెలుసు. చెమట పట్టిందనీ తెలుసు.

"రానండి," అన్నాడు.

ఆమెకు కోపం ముంచుకొచ్చింది. ఎవరివల్ల బయటపడ్డావో మర్చిపోయావా అన్న మాట నాలిక చివరి దాకా వచ్చింది. అప్పుడు చూసుకుంది, ఆ మాట ఎవరి గొంతులో వస్తోందో. మింగేసింది, గుటక వేసి మరీ. ఇన్‌స్పెక్టర్ చూసి ఉంటే అబద్ధం కిందే రాసుకునేవాడు.

"సరే," అంది. ఇంకోసారి అడగలేదు.