మేక వేళ్ళ మీద నడుస్తాది

మా చిన్నప్పుడు... ఆదివారం పొద్దున ఆదోనిలో మా మాంసం అంగట్లో మూలన పీటేసుకుని కూర్చునేదాన్ని. మా నాయన, మేం అబ్బా అంటాం, మేకను కోస్తాంటే చూసేదానికి. అబ్బాకు చదువు రాదు. కానీ కత్తి యాడ పెడితే కీలు విడిపోతాదో కళ్ళు మూసుకుని చెప్పేవాడు.

ఒకసారి మేక ముందుకాలు చూపించి, ఇది మోకాలు కదా అన్నాను. నవ్వినాడు.

"మోకాలు కాదు బేటా, మణికట్టు. మేక వేళ్ళ మీద నడుస్తాది."

నా చెయ్యి పట్టుకుని చూపించినాడు... భుజం కింద ఒక ఎముక, మోచెయ్యి కింద రెండు, మణికట్టులో గులకరాళ్ళ మాదిరి చిన్నవి. మేకకూ అదే వరస.

ఆ పొద్దు నుంచి ఇంట్లో ఒక్క ఎముక పారేయనిచ్చేదాన్ని కాదు. కూతురిని కన్నానా, కుక్కను కన్నానా అని అమ్మీ తిడతాండేది.

ఎనిమిదో తరగతిలో ఎమ్మిగనూరులో సైన్స్ ఫేర్ పెట్టినారు. మేక కాలు, కోడి రెక్క సోడా వేసి మూడుసార్లు ఉడకబెట్టి, మిద్దె మీద కాకులకు కాపలా ఉండి ఆరబెట్టి, అట్ట మీద వరసగా కుట్టినాను. పక్కన నా చెయ్యి బొమ్మ. కింద రాసినాను... నడిచేదానికీ, ఎగిరేదానికీ, రాసేదానికీ ఎముకల వరస ఒకటే, ఎందుకంటే ఎప్పుడో అందరికీ పూర్వీకులు ఒకరే అని. లైబ్రరీలో కూర్చుని నాకై నేను నేర్చుకున్న మాట అది.

గెలిస్తే మైకులో నా పేరుతో పాటు అబ్బా పేరు కూడా పిలుస్తారు. నాకు కావాల్సింది అదొక్కటే. అబ్బా అంగడి మూసి, తెల్లచొక్కా వేసుకుని నాతో బస్సెక్కినాడు.

ఆడ ఏర్పాట్లు చూస్తాండే ఒక సారు వచ్చి మీ నాయన ఏం చేస్తాడని అడిగినాడు. చెప్పినాను.

"అయితే అంగడి ఈడికే తెచ్చినారా?"

చుట్టూ ఉన్నోళ్ళు నవ్వినారు. పెద్దమనుషులు వచ్చేలోపల నా అట్టను బల్ల మీద నుంచి తీసి మరుగుదొడ్ల పక్కన పెట్టమన్నాడు. నేను రాసింది చదవనే లేదు.

అబ్బా దిక్కు చూసినాను. ఎముకల గురించి ఆ హాల్లో అందరికంటే ఎక్కువ తెలిసిన మనిషి... రెండు చేతులూ జోడించినాడు.

"తప్పైపోయింది సార్. పిల్లకు తెలీదు."

సారు మీద కోపం ఎప్పుడో పాతబడింది. ఈ మాట మాత్రం ఈ పొద్దుకీ మండుతాది. ఏం తప్పు? ఏం తెలీదు నాకు?

తిరిగొచ్చేటప్పుడు బస్సు కుదుపులకు ఒక్క ఎముక ఊడకుండా ఆ అట్టను ఒళ్ళో పట్టుకున్నాడు. కానీ ఆ తర్వాత నాకు ఒక్క ఎముక చూపించలేదు.

పదితో నా చదువు ఆగింది. జిన్నింగ్ మిల్లులో పత్తి ఏరుతాండాను. భోజనాల టైములో ఫోన్లో చదువుతాను. తిమింగలం ఈతరెక్క లోపల కూడా వేళ్ళున్నాయంట. ఇంటికి పోయి అబ్బాకు చెప్తే, "మనకెందుకులే బేటా" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఇప్పుడు మా అక్క కొడుకు బడిలో గాజు బీరువాలో ప్లాస్టిక్ అస్థిపంజరం పెట్టినారు. పిల్లలు దాని పక్కన ఫోటోలు దిగుతాండారు. బాగుంది. అది ఎవరింటి నుంచి వచ్చిందని అడిగేవాళ్ళు లేరు...

మీ నాయన కూడా ఏ తప్పూ చేయకుండానే, మీ ముందర ఎవరికైనా తప్పైపోయిందని చెప్పినాడా? ఉంటే కింద రాయండి... ఒక్కటీ వదలకుండా చదువుతాను.