నీటికి ఎదురెళ్తే ఇల్లు

డెబ్బై దాటాక కూడా నేను రోజూ ఇరవై కిలోమీటర్లు పరుగెత్తుతానని మా బంధువుల్లో ఒక నమ్మకం ఉంది. దాన్ని పుట్టించిందీ నేనే, పెంచి పోషించిందీ నేనే. నిజానికి ఎనిమిది. అందులో సగం నడక.

అయితే ఆ పరుగు సరదాకి కాదు. పక్షవాతం వచ్చి మా ఆవిడకి కుడిపక్క పడిపోయింది, మాటా పోయింది. ఆవిణ్ణి మంచం మీంచి లేపి బాత్రూముకి నడిపించాలంటే నా కాళ్ళలో బలం ఉండాలి. ఇంకొకరి చెయ్యి తగలనివ్వదు. సొంత చెల్లెలైనా సరే, మొహం తిప్పేసుకుంటుంది.

ఈ చలికాలం ఆ చెల్లెలి ఇంటికే వెళ్ళాం. భీమవరానికి దిగువన, సముద్రానికి దగ్గర్లో, ఎటు చూసినా రొయ్యల చెరువులే. మాది కోరుకొండ వైపు మెట్ట. కొత్త చోటు కనక పరుగుకి గట్టి ఏర్పాటే చేసుకున్నాను. ఊరి పక్క, పొలాల నీళ్ళని సముద్రంలోకి దింపే మురుగు కాలువ గట్టు పట్టుకోవాలి. నీరు పారే వైపు వెళ్ళాలి, నీటికి ఎదురు తిరిగి రావాలి. దారి తప్పే ప్రసక్తే లేదు. షుగరు పడిపోతే తినడానికి జేబులో బిస్కెట్లు. ఆవిడ లేచే వేళకి ఇంట్లో ఉండాలి.

ముందురోజు సాయంత్రం నా తోడల్లుడు అన్నాడు: "జాగ్రత్తండి అన్నయ్యగారూ, ఇక్కడ గట్లన్నీ ఒకలాగే ఉంటాయి."

"నీరుండగా దారి తప్పడమేంటయ్యా!" అన్నాను.

"అదీ నిజవేలెండి. మేమైతే పోటు చూసుకుని చెరువులకి నీళ్ళు తోడతాం" అన్నాడు. అంతా తెలిసినవాడిలా తల ఊపాను.

తెల్లవారుజామున మంచు కమ్మేసింది. నా చెయ్యి నాకే కనపడలేదని మా వాళ్ళకి చెప్పాను. కనపడింది. చెయ్యి దాటాకే ఏమీ లేదు. షుగరు మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా, నీటి వెంట హాయిగా పరుగెత్తాను. చాలా దూరం పోయాక ఒక చెరువు దగ్గర పులుల్లాంటి కుక్కల మంద మీద పడింది. సరే, రెండు కుక్కలు. ఒకటి కుంటిది. ఆ భయంలో బిస్కెట్లన్నీ వాటికి విసిరేసి, అడ్డదిడ్డంగా చెరువు గట్లమ్మట పడి పారిపోయాను.

ఎలాగో మళ్ళీ కాలువ దొరికింది. ఇల్లు ఎటు? మంచులో సూర్యుడి జాడే లేదు. నీళ్ళలోకి చూశాను. గుర్రపుడెక్క తుంపొకటి ఎడమ నుంచి కుడికి కొట్టుకుపోతోంది. అయితే ఇల్లు ఎడమకి. ఎడమకే నడిచాను.

ఎంతకీ ఊరు రాదు. చెమటలు పట్టాయి. షుగరు పడిపోతోంది. జేబు తడిమాను, బిస్కెట్ తునకైనా లేదు. అరిచాను. చెరువుల్లో రొయ్యలకి గాలి అందించే చక్రాలు తిరుగుతున్న చప్పుడు తప్ప ఎవరూ పలకలేదు. ఇక్కడ పడిపోతే పడిపోయానని ఎవరికీ తెలియదు. నాకేమైనా బాధ లేదు. ఈపాటికి ఆవిడ లేచి ఉంటుంది. తలుపు వైపు చూస్తూ ఉంటుంది. రేపటి నుంచి ఆవిణ్ణి లేపేదెవరు?

కళ్ళు తిరుగుతుంటే మొహం కడుక్కుందామని గట్టు దిగి దోసిట నీళ్ళు తీసుకున్నాను. పెదవికి తగిలాయి. ఉప్పు.

అక్కడే చతికిలబడ్డాను. పోటు! సముద్రం పొంగి కాలువని వెనక్కి తోస్తోంది. మా మెట్టలో నీరు పల్లానికి పోవడమే కాని వెనక్కి రావడం ఎరగదు. నేను నీటికి ఎదురు నడిచినంతసేపూ ఇంటికి దూరమవుతూ వచ్చాను.

తిరిగి వెనక్కి నడిచానని చెబుతుంటాను. నడవలేదు, కొంత దూరం పాకాను. ఒక చెరువు గట్టు మీద పాక కనపడింది. డ్రమ్ములో తవుడు కలుపుతున్న మనిషి ఉలిక్కిపడ్డాడు.

"ఏంటండి బాబూ, ఎవరండి మీరు? ఏవైందండి?"

"తీపి... ఏదైనా తీపి" అన్నాను.

"రొయ్యల మేతలో కలిపే బెల్లం తప్ప ఏమీ లేదండి."

"పెట్టవయ్యా!"

ముద్దలు ముద్దలుగా మింగాను. అలాంటి బెల్లం నా జన్మలో తినలేదు. అతనే బండి మీద ఇంటికి చేర్చాడు.

గుమ్మంలో మరదలు ఏడుస్తోంది. "ఎక్కడికి పోయారు బావగారూ? అక్క నన్ను ముట్టుకోనివ్వట్లేదు. మీకు ఫోన్ చెయ్యమని సైగ చేసింది. చేశాను. అది మీ తలగడ కిందే మోగింది."

లోపల దుప్పటి తడిసిపోయి ఉంది. మా ఆవిడ గోడ వైపు తిరిగి పడుకుంది.

ఫోను మర్చిపోయానని అందరికీ చెప్పాను. మర్చిపోలేదు. ఒక్క గంట నన్నెవరూ పిలవకుండా ఉంటే బాగుండునని, కావాలనే వదిలి వెళ్ళాను. ఆ మాట దుప్పటి మారుస్తూ ఆవిడ ఒక్కదానికే చెప్పాను. ఆవిడ తిరగలేదు. ఎడమ చెయ్యి మాత్రం వెనక్కి చాపి నా చొక్కా పట్టుకుంది. అదివరకెప్పుడూ అంత గట్టిగా పట్టుకోలేదు.

ఇప్పుడు మా ఊళ్ళో, మా వీధిలోనే, చర్చి దాకా పోయి వస్తూ పరుగెత్తుతున్నాను. ఆవిడ మంచం పక్క స్టీలు గ్లాసు, స్పూను పెట్టాను, కావాలంటే కొట్టమని. అవసరం ఉన్నా లేకపోయినా కొడుతూనే ఉంటుంది. వీధిలో వాళ్ళు నవ్వుకుంటారు. ఆ చప్పుడు కాసేపు ఆగిందంటే మాత్రం, నా ఇరవై కిలోమీటర్ల కథల్లో కూడా లేనంత వేగంగా ఇంటికి పరుగెత్తుతాను.