వింటున్నారేమో అడుగు

కార్నివాల్‌లో పాడే ముర్గా బృందానికి డ్రమ్ము వాయించే విల్మార్, పగలంతా ప్రోగ్రాములు రాస్తాడు. చంకలో వేడినీళ్ల ఫ్లాస్కు, చేతిలో మాతే ఆకుల తేనీరు తాగే సొరబుర్ర లేనిదే కీబోర్డు ముట్టడు. ఫోల్డరుకు దారి ఎన్నడూ తన చేత్తో టైపు చెయ్యడు. ఫోల్డరు పేర్ల మధ్య పెట్టే స్లాష్ గీత ఒక్కో సిస్టంలో ఒక్కోవైపు వాలుతుందని ఆ పని ప్రోగ్రాముకే వదిలేస్తాడు. రాసింది లినక్స్, మ్యాక్, విండోస్ మూడింట్లోనూ నడిచిందంటే బల్లమీద వేళ్లతో దరువు వేస్తాడు.

ఆ మధ్య దర్శకురాలు నెల్దా వీడ్కోలు పాటకు కొత్త బాణీ కట్టింది. రిహార్సల్‌కు ఆమె ఇంట్లో చేరినప్పుడు, అందరి కంప్యూటర్లలోనూ పాత రికార్డింగు చెరిపి కొత్తది పెట్టమని విల్మార్ తన ప్రోగ్రామును పురమాయించాడు. అన్నిచోట్లా పాత పాట చప్పుడు లేకుండా పోయింది. నెల్దా వంటింట్లోని విండోస్ ఒక్కటే మొండికేసింది: ఈ ఫైలు ఎవరో వాడుతున్నారు, చెరపను.

"నీ డబ్బా నా మాట వినదే నెల్దా!" అని విసుక్కుంటూ విల్మార్ వంటింట్లోకి వెళ్లాడు. వెనకే నెల్దా. ఆమె తల్లి ఒఫేలియా బంగాళాదుంపల చెక్కు తీస్తూ, ఆ కంప్యూటర్లోనే పాత పాట పెట్టుకుని గొంతెత్తి పాడుతోంది.

"ఏరా విల్మార్, ఇంత మంచి పాట మార్చడానికి మీకు చేతులెలా వచ్చాయిరా?"

నెల్దా చివరిదాకా విని కళ్లు తుడుచుకుంది. "అమ్మ చెప్పిందే నిజం. పాతదే పాడదాం. అందరికీ మళ్లీ పంపు."

"అందరి దగ్గరా చెరిపేశాగా! మిగిలింది ఇదొక్కటే."

"అయితే నా డబ్బాకి దణ్ణం పెట్టుకో!"

లినక్స్, మ్యాక్ అయితే ఎవరు వాడుతున్నా అడ్డుచెప్పకుండా చెరిపేస్తాయి. విల్మార్ అక్కడే కూర్చుని ప్రోగ్రాములో ఒక్క వరస కలిపాడు: ఏ సిస్టమైనా సరే, చెరిపేముందు ఎవరైనా వింటున్నారేమో అడుగు. మూడింట్లోనూ నడిచింది. ఈసారి దరువు బల్లమీద కాదు, ఆ డబ్బా నెత్తిన వేశాడు.