రేకుల షెడ్డులో రెండో గిటార్

ఎవరైనా దెయ్యం కథ చెబితే నేను ముందు చెప్పేవాడి మొహం చూస్తాను. ఇది చెప్పి వీడికేం లాభమా అని ఆలోచిస్తాను. మీరు నన్నూ అలాగే అనుమానించండి, తప్పులేదు.

నేను నర్సీపట్నంలో లెక్కల మాస్టారిని. రోజంతా మాట్లాడి గొంతు ఎండిపోయాక ఇంటికొచ్చి ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. పాటలు కాదు, మాటల్లేని రాక్ సంగీతం. తీగను వేలితో లాగి స్వరాన్ని పైకి వంచితే, ఎవరికీ చెప్పుకోలేనిది ఏదో అందులోంచి బయటికొచ్చినట్టు ఉంటుంది. దాన్ని అర్థం చేసుకున్నవాడు నా స్నేహితుడు సుధాకర్ ఒక్కడే. సెల్‌ఫోన్ల రిపేరు షాపు వాడిది. గిటార్ వాయించడం రాదు గానీ రికార్డింగ్ బాగా చేస్తాడు.

పోయిన చలికాలం ఒక ఆదివారం చింతపల్లి దాటి ఒక కాఫీ తోటకి వెళ్ళాం. అక్కడ కాఫీ పళ్ళ తొక్క తీసే పాత షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. రాతి గోడలు, రేకుల కప్పు. శబ్దం బాగా మోగుతుందని సుధాకర్ ముచ్చట. రికార్డర్ ఆన్ చేసి, భోజనం తెస్తానని వాడు చింతపల్లి వెళ్ళాడు. నేను ఒక్కణ్ణే వాయించాను. తోట చూసుకునే చిలకమ్మ బయట ఎండలో మిరియాలు ఆరబోస్తోంది.

మర్నాడు సుధాకర్ ఫోన్ చేశాడు. "రెండో గిటార్ ఎప్పుడు వాయించావురా? అదిరిపోయింది."

షాపుకి వెళ్ళి విన్నాను. నా గిటార్ పక్కన ఇంకోటి ఉంది. గోడలకి తగిలి వచ్చిన ప్రతిధ్వని అనుకుందామంటే, ప్రతిధ్వని వెనక వస్తుంది. ఇది చాలాచోట్ల నాకన్నా రెప్పపాటు ముందుంది. ఒకచోట నా వేలు జారి తప్పు పడింది. అక్కడ అది ఆగింది. నేను సర్దుకున్నాక మళ్ళీ కలిసింది.

సుధాకరే ఎవరిచేతో వాయింపించి కలిపాడనుకున్నాను. రికార్డర్‌లోని అసలు ఫైలులోనూ అలాగే ఉంది. దాన్నీ మార్చేశాడనుకున్నాను. మొహం మీదే అనేశాను.

"నాకేటి పనిరా? నీకు తెలీకుండా నీ పాట నేనెందుకు పాడుసేత్తాను?" అన్నాడు. వాడి గొంతు వణికింది. ఆ వణుకు కూడా నాకు నటనలాగే అనిపించింది.

తర్వాతి ఆదివారం జీపెక్కి ఒక్కణ్ణే తోటకి వెళ్ళాను. రెండో గిటార్ సంగతి ఎత్తకుండా చిలకమ్మని అడిగాను, ఆ రోజు వాయించింది విన్నావా అని.

"ఇన్నాను మాస్టారూ. ఇద్దరూ బాగా వాయించినారు."

"ఇద్దరెవరు? సుధాకర్ చింతపల్లి వెళ్ళాడు కదా?"

ఆమె నన్ను అనుమానంగా చూసింది. "మరి నువ్వు తడబడినప్పుడు ఆగినోడు ఎవుడు బాబూ? నన్నేటి పరీచ్చ సేత్తన్నావా?"

లోపలికి ఎవరైనా వచ్చారా అంటే, రాలేదంది. షెడ్డుకి ఉన్నది ఒకటే తలుపు. ఆమె కూర్చున్నది దాని ఎదురుగానే.

ఈ సంగతి సుధాకర్‌కి చెప్పాను. "అలా చెప్పమని ఆవిడకి నువ్వే నేర్పావేమో" అన్నాడు. ఇప్పుడు అనుమానం వాడి వంతు.

తేల్చుకుందామని ఇద్దరం మళ్ళీ వెళ్ళాం. వాడు నా ఎదురుగా నిలబడి, నా వేళ్ళ మీంచి చూపు తిప్పలేదు. అదే షెడ్డు, అదే పాట. అక్కడే హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాం. నా గిటార్ ఒక్కటే ఉంది.

"హమ్మయ్య" అన్నాడు సుధాకర్. నా భుజం తట్టాడు.

నేను హెడ్‌ఫోన్లు తీయలేదు. తప్పు ఒక్కటీ పడలేదు, అయినా పాట సగమే ఉన్నట్టనిపించింది. మొదటిసారి విన్నది ఏమిటో నాకిప్పటికీ తెలియదు. రెండోసారి అది వినిపించనందుకు నాకెందుకు ఏడుపొచ్చిందో, అదీ తెలియదు.