భవ్య పైన చూసిన పురుగు

పర్చూరు పక్క పల్లెలో భవ్య పేరెత్తితే చాలు, ఇప్పటికీ పదిమందీ కళ్ళెగరేసి నవ్వుకుంటారు. భూమికి నాలుగొందల కిలోమీటర్ల ఎత్తున నాలుగు నెలలు ఉండొచ్చిన మనిషి, తీరా దిగి వచ్చి "అక్కడ నేనొక పురుగును చూశాను" అంటే నవ్వక ఏం చేస్తారు పాపం! ఆ పిల్ల రాకెట్టు ఎక్కిన రోజున మా రక్తమే అని టీవీల ముందు రొమ్ము విరుచుకున్న చుట్టాలు, ఆ మాట బయటికొచ్చాక "దూరపు వరస లెండి" అని చల్లగా జారుకున్నారు. లోకం తీరుకు నాకు ఒళ్ళు మండుతుంది గానీ, మండి ఏం లాభం? జరిగింది జరిగినట్టు చెబుతాను, నమ్మితే నమ్మండి.

భవ్య ఏమంత విడ్డూరమైన పిల్ల కాదు. బుల్లయ్య, సుబ్బరావమ్మల ఒక్కగానొక్క కూతురు. నల్లరేగడిలో కాళ్ళు కూరుకుపోతుంటే చెప్పులు చేత్తో పట్టుకుని బడికి వెళ్ళింది. సెలవుల్లో పత్తి తీసింది, మిరపకాయలు కోసింది, కోసిన చేత్తో కళ్ళు నులుముకుని లబోదిబోమంది. లెక్కలు బాగా వచ్చేవి, పైగా మొండిది. ఆ రెండూ కలిసి దాన్ని చీరాల కాలేజీకి, అక్కణ్ణించి ఇంకా పెద్ద చదువుకీ, చివరికి ఆకాశానికీ తీసుకెళ్ళాయి. పైకి వెళ్ళిన వాళ్ళు ఇద్దరే. ఒకరు భవ్య. రెండో మనిషి ప్రద్యుమ్న, ఆ నౌకకు కమాండరు, యుద్ధ విమానాలు నడిపి వచ్చినవాడు, మంచివాడు. నియమాల పుస్తకంలో లేనిది లోకంలో కూడా లేదనుకోవడం ఒక్కటే అతని లోపం.

పైన భవ్య పని మొక్కలు పెంచడం. అద్దాల పెట్టెలో నీలం, ఎరుపు దీపాల కింద నాలుగు మిరప మొక్కలు. మిగతా వేళల్లో అంతా కలలోలాగే ఉండేది. గోడకు కట్టిన సంచిలో దూరి నిద్రపోవడం, లేస్తే కాలు ఎక్కడుందో చెయ్యి ఎక్కడుందో తెలియకపోవడం, గంటన్నరకోసారి తెల్లవారడం. కిటికీలోంచి చూస్తే కృష్ణ సముద్రంలో కలిసే చోటు విసనకర్రలా విచ్చుకుని కనబడేది. అక్కణ్ణించి ఒడ్డు వెంబడి కిందికి చూపు జారిస్తే చీమకుర్తి రాతి క్వారీల గుంటలు. ఆ రెండింటి మధ్యా ఎక్కడో అమ్మ చేను. పట్టుమని పదిహేను సెకన్లు. అంతలోనే బంగాళాఖాతం నీలంగా వచ్చేసేది. ఆ పదిహేను సెకన్ల కోసం భవ్య తిండి కూడా మానుకుని కిటికీ దగ్గర తేలుతూ ఉండేది.

నాలుగో నెలలో మొక్కలు పూత పట్టాయి. తెల్లటి పువ్వును చూడగానే చెయ్యి ఊరుకోలేదు. మిరప చేలో పెరిగిన వాళ్ళెవరికైనా అంతే, పువ్వును అరచేతి మీద తట్టి చూస్తారు, పురుగుంటే రాలుతుందని. భవ్యా తట్టింది. పైన ఏదీ రాలదు కదా! పువ్వులోంచి వెంట్రుకంత సన్నటిది ఒకటి బయటికి వచ్చి గాలిలో ఈదింది. దానికి రంగు లేదు. నీలం దీపానికి అడ్డం వచ్చినప్పుడు మాత్రం నీటిపొరలా మెరిసింది. ఎంత ముద్దుగా మెలికలు తిరిగిందో, భవ్య ఊపిరి బిగబట్టి అలాగే చూస్తూ ఉండిపోయింది.

రెండు రోజుల తరవాత ప్రయోగాల కోసం పెట్టిన తెల్ల ఎలుకలు నాలుగూ చచ్చి కనిపించాయి. చావంటే మామూలు చావు కాదు, పైన తోలు ఉంది, లోపల ఏమీ లేదు. ఆ రోజు అది వెంట్రుకలా లేదు, మూరెడు పొడుగైంది. ఇంకో నాలుగు రోజులకు భవ్య ఎడమ చిటికెన వేలిని తాకింది, అంతే, వేలు కొసన చర్మం తెల్లగా ఎండిపోయి స్పర్శ పోయింది. ప్రద్యుమ్న పెద్ద లైటు వేసి కెమెరా పట్టుకుని వస్తే, అది అద్దానికి పల్చగా అంటుకుపోయింది. ఫోటోలో తడి మరక తప్ప ఏమీ పడలేదు.

"భవ్యా, ఇది నీళ్ళ చెమ్మ" అన్నాడు అతను, మెత్తగానే.

"చెమ్మ ఎలుకల్ని తింటుందా?"

"నీళ్ళ గొట్టం మూసుకుపోయి చచ్చాయని కింద వాళ్ళు తేల్చారు కదా."

వేలు సంగతి కూడా కింద వాళ్ళు తేల్చేశారు, చల్లటి పైపు తగిలి ఉంటుందని. డాక్టర్ రాధాకృష్ణమూర్తి గారని పెద్దాయన, తెర మీద కనిపించి నచ్చజెప్పారు. "అమ్మా, పదకొండు రోజులుగా నీకు సరైన నిద్ర లేదు. ఒంటరిగా ఉన్న బుర్ర ఏవేవో చూపిస్తుంది. మాత్రలు వేసుకుని పడుకో తల్లీ." ఆయన మాటలో వెటకారం లేదు, జాలి ఉంది. జాలే ఎక్కువ మండించింది భవ్యను. ఆ పూట నుంచి కత్తెరలు, స్క్రూడ్రైవర్లు ఉన్న పెట్టెకు ప్రద్యుమ్న తాళం వేసి తాళంచెవి మెడలో వేసుకున్నాడు. ఇంకో తొమ్మిది రోజుల్లో ఇద్దరూ చిన్న నౌకలో కూర్చుని బంగాళాఖాతంలో దిగాలి. ఆ పురుగు కూడా ఏ సందులోనో దూరి వాళ్ళతోనే దిగుతుంది. ఆ తరవాత ఏమవుతుందో తలుచుకుని భవ్య రాత్రుళ్ళు సంచిలోంచి లేచి మూలమూలా వెతికేది.

ఆదివారం ఇంటికి ఫోను. పది నిమిషాలు, కింద వాళ్ళు వింటూ ఉంటారు. తెర నిండా సుబ్బరావమ్మ మొహం వచ్చింది.

"ఏందమ్మా, మొహం అట్టా పీక్కుపోయింది? తింటన్నావా లేదా?"

"అమ్మా, పువ్వులో పురుగుంది."

సుబ్బరావమ్మ నవ్వలేదు, అయ్యో అనలేదు. ఫోను దగ్గరికి జరిగింది. "పువ్వులోపలా, ఆకు కిందా?" అంది.

భవ్య కూడా తెర దగ్గరికి జరిగింది. ఇన్ని రోజులుగా అందరూ నిద్ర గురించి అడిగారు, పురుగు గురించి అడిగిన వాళ్ళు లేరు. "పువ్వులోనే. రంగు లేదు. నీలం దీపం కనబడితే చాలు, దాని దగ్గరికే పోతుంది. మూరెడు దాటిందమ్మా. ఇక్కడ ఎవరూ నమ్మట్లేదు."

"నమ్మరు. నన్ను నమ్మారా?" అంది సుబ్బరావమ్మ.

నాలుగేళ్ళ కిందట, మిరపకు నల్ల తామర పురుగు వచ్చిన ఏడు, ఆ ఊళ్ళో దాన్ని ముందుగా చూసింది ఆవిడే. పువ్వులో నల్లటి నలుసులు తిరుగుతున్నాయని చెబితే బుల్లయ్య కసిరాడు. భవ్య ఫోనులో "కళ్ళద్దాలు మార్పించుకో అమ్మా" అని నవ్వింది కూడా. ఇరవై రోజుల్లో ఊరి మిరప అంతా ముడుచుకుపోయింది.

"ఆ రోజు నేనూ నమ్మలేదు. తప్పయిపోయిందమ్మా" అంది భవ్య.

"పోనీలేవే. నీది నవ్వే, నేను చేసింది పాపం. ఇయ్యాల్టి దాకా మీ నాయనక్కూడా చెప్పలా. నా మాట ఎవురూ నమ్మటంలేదని పంతం బట్టి, పురుగున్న కొమ్మ ఇరిచి పురుగుమందుల కొట్టు దాకా చేత్తో పట్టుకుని పోయా. తెగులొస్తే కొమ్మ తీసకపోయి కొట్లో చూపియ్యటం మనోళ్ళందరికీ అలవాటే గదా. అంకమ్మరావు గట్టు మీద నించి, బుడాన్ చేలో నించి, దారి పొడుగునా ఇదిలించుకుంటా పోయా. వారం తిరక్కముందే నేను నడిచిన దారెంట చేలన్నీ పొయినయ్. గాలికి వచ్చిందన్నారు అందరూ. నాకు మాత్రం ముద్ద దిగలేదు, ఆ ఏడంతా." ఆవిడ పైట చెంగుతో ముక్కు తుడుచుకుంది. "నువ్వు కొమ్మ ఇరవమాక. యాడున్నదాన్ని ఆడనే చంపు. నీలం అట్టలకు జిగురు పూసి కట్టు, వచ్చి అంటుకుంటది. నమ్మితే నమ్మారు, లేకపోతే లేదు."

పది నిమిషాలు అయిపోయాయి. తల్లీకూతుళ్ళు మిరప తెగుళ్ళ గురించి మాట్లాడుకున్నారు, అమ్మాయి కాస్త కుదుటపడింది అని కింద డాక్టరు గారు రాసుకున్నారు. ఏం రాసుకుంటారు పాపం, ఆయన ఎప్పుడైనా చేలోకి దిగితే కదా!

నౌక ఒక చివర సామాన్లు మోసే చిన్న బండి తగిలించి ఉంది. అందులో చెత్తంతా నింపారు. మూడు రోజుల్లో దాన్ని విడిచేస్తే, కిందికి జారి గాలిలో కాలి బూడిదైపోతుంది. భవ్య తన నీలం రంగు పని దుస్తులు విప్పింది. వాటిమీద అంటుకునే టేపును జిగురు పైకి వచ్చేలా చుట్లు చుట్లుగా చుట్టింది. ఆ చొక్కా ప్యాంటుల్ని చెత్త బండిలో వేలాడదీసి, లోపల నీలం దీపం ఒక్కటి వెలిగించి, మిగతావన్నీ ఆర్పేసింది. ప్రద్యుమ్న తన సంచిలో నిద్రపోతున్నాడు. భవ్య తలుపు పక్కన గోడను పట్టుకుని తేలుతూ ఉండిపోయింది.

ఎంతసేపైందో తెలియదు. అది వచ్చింది. ఇప్పుడు మనిషంత పొడుగు, చీరంత వెడల్పు. భవ్య బుగ్గకు జానెడు దూరంలో, చప్పుడే లేకుండా, నెమ్మదిగా, అందంగా సాగిపోతోంది. దాని లోపల నుంచి దీపం వంద ముక్కలై కనిపించింది. భవ్యకు భయం వేసింది, అయినా కన్నార్పడానికి మనసు ఒప్పలేదు. అది వేలాడే దుస్తుల దగ్గరికి వెళ్ళి, వాసన చూసినట్టు ఆగి, ఒక్కసారిగా చుట్టేసింది. జిగురు పట్టేసింది. అది కొట్టుకుంటుంటే బండి గోడలు దడదడలాడాయి. భవ్య తలుపు తోసింది. మూసుకునే లోపు తలుపు అంచున చిక్కి పురుగు ముక్క ఒకటి తెగింది. అది వేలెడు ఉంటుంది, ఇవతలి పక్క గాలిలో మెలికలు తిరుగుతోంది.

చేతికి దొరికిన గాజు సీసాలో దాన్ని పట్టి మూత బిగించింది. అది బతికే ఉంది. నీలం దీపం వైపు అద్దాన్ని గీకుతోంది. ఇప్పుడు చూడండి భవ్య పరిస్థితి. ఆ సీసాను భూమ్మీదికి తెచ్చి చూపిస్తే చాలు, లోకమంతా భవ్య కాళ్ళ దగ్గరుంటుంది. డాక్టరు గారు, ప్రద్యుమ్న, నవ్విన ప్రతి ఒక్కరూ తల దించుకుంటారు. మళ్ళీ ఎగరనిస్తారు, మళ్ళీ ఆ పదిహేను సెకన్లు. సీసా లేకపోతే పిచ్చిదన్న పేరు, ఇంటి దారి. భవ్య సీసాను గుండెలకు హత్తుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఎంత ఆశపడిందో ఆ పిల్ల! కానీ మూత ఎంత గట్టిగా పెట్టినా మనుషుల చేతులు ఊరుకోవు, ఒకరు తెరుస్తారు, ఒకరు ఇంకొకరికి పంపుతారు. ఆ సంగతి భవ్యకు తెలుసు.

తలుపు బెత్తెడు తెరిచింది. లోపల అది కొట్టుకునే గాలి మొహానికి తగిలింది. సీసాను లోపలికి విసిరి, తలుపు బిగించి, బండిని విడిచే పిడి లాగింది. గంటలు మోగాయి. ప్రద్యుమ్న కళ్ళు నులుముకుంటూ ఈదుకుంటూ వచ్చాడు.

"ఏం చేశావ్ నువ్వు? ఏం చేశావ్ భవ్యా!"

భవ్య కిటికీ దగ్గరికి తేలుతూ వెళ్ళింది. కిటికీ అవతల ఆ బండి దూరమై, చిన్నదై, కాసేపటికి కిందెక్కడో ఎర్రటి గీత గీసి ఆరిపోయింది.

కిందికి వచ్చాక విచారణ. డాక్టర్ రాధాకృష్ణమూర్తి గారు పక్కకు పిలిచి మరీ అడిగారు. "చిన్న ముక్క ఉన్నా నీ తరఫున మాట్లాడేవాణ్ణి తల్లీ. ఏదైనా ఉందా?"

"ఉండేదండి. నేనే కాల్చేశాను."

ఆయన కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకున్నారు. ఇక ఎగరడానికి పనికిరాదని కాగితం వచ్చింది. భవ్య సంతకం పెట్టి, బస్సెక్కి ఊరికి వచ్చేసింది.

అది మార్చి నెల. బుల్లయ్య కల్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. పదిమంది ఆడవాళ్ళు తెల్లబారిన తాలుకాయలు ఏరుతున్నారు, ఘాటుకు దగ్గుతున్నారు. భవ్య కూడా తలకు గుడ్డ చుట్టుకుని వాళ్ళ మధ్య కూర్చుంది. ఎంతసేపని ఊరుకుంటారు వాళ్ళు మాత్రం! అంకమ్మరావు భార్య సుబ్బలక్ష్మి అందుకుంది.

"ఏమ్మా భవ్యా, పైన భూతాన్ని చూశావంట గదా? మగదా, ఆడదా?"

"దగ్గరగా చూళ్ళేదు పిన్నీ" అంది భవ్య.

కల్లమంతా గొల్లుమంది. ఒకామె నవ్వీ నవ్వీ పొలమారి దగ్గింది. పక్కామె ఆమె నెత్తి మీద చరిచి, తనూ నవ్వింది. సుబ్బరావమ్మకు చిర్రెత్తుకొచ్చింది. చేతిలో కాయలు విసిరికొట్టి, చీర దోపుకుని లేవబోయింది. భవ్య తల్లి మణికట్టు పట్టుకుని ఆపింది. ఒక్కొక్కరి మొహం తేరిపార చూసింది, ఎర్రబడిన కళ్ళు, చెమట పట్టిన మెడలు, నవ్వుకు ఎగిరెగిరి పడే భుజాలు. అందరూ ఉన్నారు. ఒక్కరూ తగ్గలేదు.

"నవ్వనీలే అమ్మా" అంది.