కిటికీలో ఫోను

తెలియని నంబరు నుంచి ఫోనొస్తే ఇప్పటికీ నా గుండె గుభేల్మంటుంది. ఇప్పుడు చేతిలో ఉద్యోగం ఉంది, అయినా అంతే. ఆ కిటికీ నేర్పిన భయం అది.

నేను పనిచేసిన మందుల కంపెనీలో మా ల్యాబు మూసేస్తే, ఆమదాలవలస దగ్గర మా ఊరికి, అమ్మానాన్నల దగ్గరికి వచ్చేశాను. ఇంట్లో సిగ్నల్ ఒక్క పడమటి కిటికీ దగ్గరే ఉండేది. ఫోను అక్కణ్ణుంచి రెండడుగులు కదిపితే మాట తెగిపోయేది. అందుకని ఫోను కిటికీలో పెట్టి, దాని పక్కనే కుర్చీ వేసుకున్నాను.

పొద్దున్నే తలదువ్వుకుని, ఆఫీసుకి వేసుకెళ్లిన చుడీదారే వేసుకుని, తొమ్మిదికల్లా కుర్చీలో ఉండేదాన్ని. సోమవారం కొత్త దరఖాస్తులు. బుధవారం పాత చోట్లకి ఫోన్లు. శుక్రవారం ఆమదాలవలస వెళ్లి నెట్ సెంటర్లో మెయిళ్లు చూసుకోవడం. కరెంటు పోయేలోపు ఫోను ఛార్జింగు. "ఏ ఆపీసే ఇది?" అని అమ్మ నవ్వేది. నాకు నవ్వులాట కాదు. ఒక్కరోజు పద్ధతి తప్పితే ఇక లేవలేనేమోనని వణుకు. ఇంటర్వ్యూకి వెళ్తే "ఇన్నాళ్లూ ఖాళీగా ఎందుకున్నారు?" అని అడిగేవారు. ఆ ఇన్నాళ్లేమో పెరుగుతూ పోతున్నాయి.

చలికాలంలో, రణస్థలం దాటాక ఉన్న ఒక కంపెనీలో ఇంటర్వ్యూ బాగా జరిగింది. "ఈ వారంలో ఫోన్ చేస్తాం. వెంటనే చేరతానంటే ఉద్యోగం మీదే" అన్నారు. ఇక నేను కిటికీ వదల్లేదు. అన్నం కూడా అక్కడే. ఫోను పాడైందేమోనని పక్కింటావిడ చేత రింగిప్పించుకునేదాన్ని. మోగేది. మోగితే ఇంకా దిగులు, లోపం ఫోనుది కాదని తేలిపోయేది కదా.

అవి ధాన్యం అమ్మకాల రోజులు. బేరగాళ్లు మా కళ్లం చుట్టూ తిరుగుతున్నారు. అమ్మేవాడు తొందర చూపించకూడదని మా నాన్న సిద్ధాంతం. ఎంత మంచి ధర చెప్పినా ముందు "సూద్దాంలే" అనాల్సిందే. బేరగాడు బండి స్టార్టు చేసుకుని మలుపు దాకా వెళ్లి, తిరిగొచ్చి ఇంకాస్త పెంచేవాడు. నాన్న మీసాల చాటున నవ్వుకునేవాడు.

గురువారం నేను తలస్నానం చేసి వచ్చేసరికి నాన్న కిటికీ దగ్గర నిలబడి ఉన్నాడు. మొహం వెలిగిపోతోంది.

"నీ కంపెనీ వోల్లే సేసినారు. సోమారం వొచ్చి సేరిపోతాదా అనడిగినారు."

"ఏమన్నావు నాన్నా?"

"అంత తొందరేటమ్మా, మా పిల్లకి ఇంకో రెండు సోట్ల నుంచి కబుర్లొచ్చినాయి, ఆలోసించి సెప్తాం అన్నాను. మల్లీ సేస్తారు సూడు. జీతం పెంచి మరీ సేస్తారు."

గబగబా ఫోను తీశాను. ఆ నంబరుకి చేస్తే రింగవుతోంది, ఎత్తేవాళ్లు లేరు. చీకటి పడేదాకా చేస్తూనే ఉన్నాను. "నిన్నెవరు ఎత్తమన్నారు?" అని నాన్న మీద అరిచాను. "మోగతంటే ఎత్తకుండా ఎలగుంటాం?" అన్నాడు. ఆయన ఇంకా మలుపు వైపే చూస్తున్నాడు.

మర్నాడు ఫస్టు బస్సుకి ఇద్దరం వెళ్లాం. నాన్నని గేటు దగ్గరే ఆపేశారు. లోపల ఆఫీసులో అమ్మాయి మర్యాదగానే చెప్పింది. "మీకు వేరే చోట వచ్చిందన్నారు కదండీ. లిస్టులో మీ తర్వాత ఉన్నవాళ్లకి ఇచ్చేశాం." అది మా నాన్న ధాన్యం అమ్మే పద్ధతని ఆవిడకెలా చెప్పను? సిగ్గు విడిచి చెప్పాను. ఆవిడకి నవ్వొచ్చింది, ఆపుకుంది. చేతికందింది నోటికందకుండా పోయింది.

బయటికొస్తే నాన్న ఎదురొచ్చాడు. "ఏటన్నారు?"

"వేరేవాళ్లకి ఇచ్చేశారంట."

హైవే మీద పోయే లారీల వైపు తిరిగి, "వొకసారైనా ఎనక్కొస్తారనుకున్నాను" అన్నాడు.

ఆ మర్నాడు బేరగాడొచ్చి ధర చెప్పాడు. "ఎత్తుకుపో" అన్నాడు నాన్న. ఆ మాటకి బేరగాడే కంగారుపడి, ధాన్యంలో తేమేమైనా ఉందేమోనని రెండు గింజలు నోట్లో వేసుకుని కొరికి చూశాడు.

నేను మళ్లీ తొమ్మిదికి కుర్చీలో కూర్చున్నాను. మనసు రాలేదు, ఒళ్లు వచ్చి కూర్చుంది. సోమవారం దరఖాస్తులు, బుధవారం ఫోన్లు. నాన్న కిటికీ వైపు రావడం మానేశాడు. ఫోను మోగితే చాలు, పెరట్లోకి వెళ్లిపోయేవాడు.

ఒకరోజు అమ్మ ఇంట్లో లేదు. నేను పెరట్లో బట్టలు ఆరేస్తున్నాను. లోపల్నుంచి నాన్న కేక: "అమ్మీ, ఫోను మోగతంది." కదిపితే తెగిపోతుంది, ఎత్తకపోతే ఆగిపోతుంది. తడి చేతులతో పరిగెత్తుకుని గుమ్మంలోకి వచ్చేసరికి ఆయన కిటికీ ముందు నిలబడి, భుజం మీది తువ్వాలు తీసి చేత్తో పట్టుకుని మాట్లాడుతున్నాడు.

"వస్తాదమ్మా. ఎప్పుడు రమ్మంటే అప్పుడే వస్తాది. ఇంకే కబుర్లూ నేవు తల్లీ, అప్పుడు నాను ఊరికే అన్నాను. మా పిల్ల కాలీగానే ఉన్నాది. మీరెంతిస్తే అంతే."

ఫోను అందుకుని చెవి దగ్గర పెట్టుకున్నాను. అవతల ఫోను కంపెనీవాళ్ల రికార్డు గొంతు. ఏదో కొత్త పాట కాలర్ ట్యూన్‌గా కావాలంటే ఒకటి నొక్కమంటోంది.

నాన్న నా మొహమే చూస్తున్నాడు. "ఏటంటన్నారు? తీసుకుంటారా?"

"మళ్లీ చేస్తారంట నాన్నా" అన్నాను.

ఆయన నా కుర్చీని కిటికీ దగ్గరికి ఇంకాస్త జరిపాడు. "అలగైతే నువ్విక్కడే కూకో. బట్టలు నాను ఆరేస్తాను" అని పెరట్లోకి వెళ్లాడు.